ఫైబ్రోలామెల్లర్ లివర్ క్యాన్సర్: ఎపిజెనెటిక్ పరీక్షకు ముక్కను కాపాడుకోవడం, రిపోర్టు చదవడం

బయాప్సీ రిపోర్టులో ‘ఫైబ్రోలామెల్లర్ కార్సినోమా’ అన్న పేరు కనిపించినప్పుడు, శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో బిడ్డను విశాఖపట్నం తీసుకువచ్చిన తల్లిదండ్రులు మొదట అడిగేది, తాగుడు గాని కామెర్లు గాని ఎరుగని పిల్లకు లివర్ క్యాన్సర్ ఎలా వచ్చిందని. ఆ ప్రశ్న న్యాయమైనదే. 1956లో ఎడ్మండ్‌సన్ అనే పేథాలజిస్టు ఈ జబ్బును తొలిసారి వర్ణించింది 14 ఏళ్ల బాలికలో. ఇది ఎక్కువగా యువతకు, మిగతా కాలేయం ఆరోగ్యంగా ఉన్నవారికే వస్తుంది. లివర్ క్యాన్సర్ అనుమానంతో చేసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష కూడా చాలామందిలో మామూలుగానే ఉంటుంది.

ముందు జబ్బు పేరును రూఢి చేసుకోండి. బయాప్సీ ముక్కకు రంగులద్ది చూసే సికె7, సిడి68 అనే ప్రొటీన్ మార్కర్లు రెండూ పాజిటివ్‌గా ఉన్నాయా అని చూసి, ఆ తరువాత పిఆర్‌కెఎసిఎ జన్యువుకు ఫిష్ (మెరిసే రంగులతో జన్యువు తెగిందా అని చూసే) పరీక్ష గాని, ఆర్‌టీ-పీసీఆర్ గాని చేయించమని డాక్టరుగారిని అడగండి. 19వ క్రోమోజోములో సుమారు 4 లక్షల డీఎన్ఏ అక్షరాల ముక్క ఊడిపోయి, డిఎన్ఎజెబి1, పిఆర్‌కెఎసిఎ అనే రెండు జన్యువులు అతుక్కుపోవడమే ఈ క్యాన్సర్‌కు మూలమని 2014లో తేలింది. ఆ పరిశోధనలో స్వయంగా ఈ జబ్బును ఎదుర్కొన్న ఎలానా సైమన్ కూడా పాలుపంచుకున్నారు. ఈ అతుకు నిర్ధారణ కాకుండా ఎపిజెనెటిక్ పరీక్షకు డబ్బు కట్టవద్దని నా గట్టి అభిప్రాయం.

ఎపిజెనెటిక్ మార్పు అంటే జన్యువులోని అక్షరాలు మారడం కాదు. ఏ పుట తెరిచి ఉండాలి, ఏది మూసి ఉండాలి అన్న ఏర్పాటు మారడం. డీఎన్ఏ మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పడటం (మిథైలేషన్) ఒక విధం, డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్ల మీద ఎసిటైల్ గుర్తులు చేరడం మరొకటి. వైరస్ వల్ల వచ్చే మామూలు లివర్ క్యాన్సర్‌లో జన్యువుల ఆరంభ భాగాలు మిథైల్ గుర్తులతో మూసుకుపోవడం తరచుగా కనిపిస్తే, ఫైబ్రోలామెల్లర్‌లో అది అరుదని 2008లోనే గమనించారు. ఇక్కడ అసలు కథ ఎన్‌హాన్సర్లది, అంటే జన్యువును దూరం నుంచి ఎగదోసే భాగాలది. అతుకు నుంచి పుట్టిన ఎంజైము అదుపు తప్పి పనిచేయడంతో, మూసి ఉండవలసిన ఎన్‌హాన్సర్లు గుంపులుగా తెరుచుకుని, సిఎ12, ఎస్ఎల్‌సి16ఎ14 వంటి జన్యువులను హెచ్చుగా పనిచేయిస్తాయని 2020లో వెలువడిన పరిశోధన చూపింది. కనుక మామూలు లివర్ క్యాన్సర్ కోసం తయారైన మిథైలేషన్ పరీక్ష నెగెటివ్ వస్తే, ఈ జబ్బు లేదని అనుకోకూడదు.

అన్నిటికంటే శ్రద్ధ పెట్టవలసింది ముక్క మీద. ఫార్మలిన్‌లో వేసి మైనపు బ్లాక్‌గా చేసిన ముక్క మిథైలేషన్ పరీక్షకు సరిపోతుంది గాని, ఎన్‌హాన్సర్ల పరిశోధనకు వెంటనే గడ్డకట్టించిన తాజా ముక్కే మేలు. అందువల్ల ఆపరేషన్‌కు ముందే, అంగీకారపత్రంపై సంతకం చేసే రోజునే, కొంత ముక్కను ద్రవ నైట్రోజన్‌లో భద్రపరచగలరా అని సర్జన్‌నూ పేథాలజీ విభాగాన్నీ అడగండి. థియేటర్ నుంచి బయటకు వచ్చాక అడిగితే ఆలస్యమైపోతుంది. గడ్డ ముక్కతోపాటు గడ్డకు దూరంగా ఉన్న ఆరోగ్యవంతమైన కాలేయపు బ్లాక్ కూడా ఉండాలి, ఎందుకంటే దానితో పోల్చితేనే మార్పు ఎంతో తెలుస్తుంది. బ్లాకులను విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) నుంచి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గాని, వేరే ఊరికి గాని తీసుకువెళ్లవలసివస్తే, నంబర్లు రాయించిన రసీదు తీసుకుని చేతిసంచిలో పట్టుకువెళ్లండి. మే నెల ఎండలో కారు అద్దం ముందో, బండి డిక్కీలోనో వదిలేస్తే మైనం మెత్తబడుతుంది.

రిపోర్టు వచ్చాక మొదట చూడవలసింది ముక్కలో క్యాన్సర్ కణాల శాతం. ఈ గడ్డలో పీచు పొరలు దట్టంగా ఉంటాయి. పేథాలజిస్టు కణాలున్న చోటును గుర్తించి గీరించకపోతే, పీచులోని కణాల గుర్తులు కలిసిపోయి అంకెలు పలచబడతాయి. ఆ శాతం రాయని రిపోర్టును వెనక్కి పంపి రాయించుకోవడం మీ హక్కు.

ఈ ఫలితాన్ని బట్టి మందు మార్చరు. ఎపిజెనెటిక్ గుర్తులను సరిచేసే మందు ఏదీ ఈ క్యాన్సర్‌కు ఇంకా ఆమోదం పొందలేదు. గడ్డను, అవసరమైతే చుట్టుపక్కల లింఫ్ గ్రంథులను పూర్తిగా తీసివేసే ఆపరేషనే ప్రధాన చికిత్స, కాబట్టి పరీక్ష కోసం దానిని వాయిదా వేయకండి. తల్లి గర్భంతో ఉన్నప్పుడు తిన్నదాని వల్ల వచ్చిందేమోనన్న బెంగ కూడా వద్దు. ఈ అతుకు, దాని వెంట వచ్చిన మార్పులు గడ్డలోని కణాలకే పరిమితం. అందుచేత తోబుట్టువులకు ఈ పరీక్షలు చేయించవలసిన పని లేదు.