సైకిలు డ్రాప్ హ్యాండిల్ (రెండు పక్కలా కిందికి వంపు తిరిగిన హ్యాండిల్) మీద బ్రేకు, గేరు లివర్లు ఎక్కడ బిగించాలి?

కోనసీమ రోడ్లలో ఎక్కుడూ దిగుడూ ఉండవు. రావులపాలెం నుంచి అమలాపురం దాకా చేతులు హుడ్ల (లివర్ల మీది రబ్బరు తొడుగు పిడులు) మీదే ఉండిపోతాయి. అందుకే లివరు కోణం కాస్త తేడాగా ఉన్నా ఇక్కడ త్వరగా బయటపడుతుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి అంచున పోయే నరం మీద బరువు పడుతున్నట్టే. కొత్త గ్లోవ్స్ కొనేముందు లివర్లు చూడండి.

మొదట హ్యాండిల్ సరిచేయాలి. స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిలుకి పట్టి ఉంచే భాగం) ముందు బోల్టులు కొద్దిగా వదులు చేసి, డ్రాప్ (కింది వంపు) చివరలు వెనక్కి, రవ్వంత నేలవైపు చూసేలా తిప్పండి. తిరిగి బిగించేటప్పుడు ఐమూలగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

తర్వాత హ్యాండిల్‌కి చుట్టిన బార్ టేపు స్టెమ్ వైపు నుంచి లివరు కింది దాకా విప్పండి. హుడ్డు రబ్బరును వెనక నుంచి ముందుకి మడిస్తే బయటివైపు క్లాంపు బోల్టు కనిపిస్తుంది. చాలావాటికి 5 మి.మీ. అలెన్ కీ పడుతుంది. లివరు కదిలేంత వదులు చేస్తే చాలు. పూర్తిగా విప్పితే పట్టీ ఊడిపోతుంది, మళ్లీ ఎక్కించడం పెద్ద పని.

హ్యాండిల్ వంపు నుంచి హుడ్డులోకి మెట్టు లేకుండా, సమంగా గానీ కొద్దిగా పైకి గానీ సాగాలి. మణికట్టు ఎటూ వంగకుండా ముంజేతికి తిన్నగా ఉండాలి. లివరు కొస డ్రాప్ అడుగుకి సమానంగా ఉండాలన్నది పాత గుండ్రటి హ్యాండిళ్ల లెక్క. ఇప్పటి కాంపాక్ట్ (వంపు లోతు తక్కువున్న) వాటికి అది పొసగదు. లివరు కొసలు రెండు మూడు డిగ్రీలు లోపలికి తిప్పుకోవచ్చు, అంతకు మించొద్దు.

రెండు హుడ్ల మీదా పొడవాటి స్కేలు ఆనించి, ముందు నిలబడి చూడండి. డ్రాప్ చివర నుంచి లివరు కొసకి కొలత టేపుతో కొలవండి. రెండు పక్కలా తేడా 2 మి.మీ. దాటకూడదు.

షిమానో లివర్లకి బిగింపు టార్క్ రెంచి (బిగింపు బలం చూపే పానా) మీద 6–8 న్యూటన్ మీటర్లు. కార్బన్ హ్యాండిలైతే దాని మీద ముద్రించిన అంకె దాటొద్దు. క్లాంపు కింద గ్రీజు పూయకండి, జారుతుంది. కార్బన్‌కి జారకుండా పట్టునిచ్చే కార్బన్ పేస్టు వాడాలి. అరచేత్తో గట్టిగా నెడితే కదలకూడదు గానీ, పడిపోయినప్పుడు విరగకుండా తిరిగిపోయేలా ఉండాలి.

డ్రాప్స్ పట్టుకున్నప్పుడు చూపుడువేలు మొదటి కణుపు లివరు మీదకి రావాలి. అందకపోతే లివరుని దగ్గరికి తెచ్చే రీచ్ స్క్రూ తిప్పండి. ఆ తర్వాత బ్రేకు తప్పక చూసుకోండి: పూర్తిగా నొక్కినా లివరు హ్యాండిల్‌కి తగలకూడదు.

ఎక్కువమంది మరిచేది కేబుల్ అవుటర్ (కేబుల్ తీగ మీది గొట్టం). లివరు జరిపితే అది పొట్టిదవ్వొచ్చు. హ్యాండిల్‌ని కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పండి. గేరు దానంతటదే మారినా, బ్రేకు పట్టినా కొత్త అవుటర్ వేయాల్సిందే.

టేపు విప్పినప్పుడే క్లాంపు చోటు శుభ్రంగా తుడవండి. చెమటకీ, అంతర్వేది వైపు ఉప్పుగాలికీ అల్యూమినియం మీద తెల్లటి పొడి కడుతుంది. తుడిచాక గుంటలు లోతుగా కనిపిస్తే ఆ హ్యాండిల్ మార్చండి.

కొత్త బార్ టేపు వెంటనే చుట్టకండి. అవుటర్లను కరెంటు టేపుతో అంటించి, క్లాంపు అంచున మార్కరుతో గీత పెట్టి, సాయంత్రం పైరగాలికి ఎదురుగా ఓ గంట తొక్కండి. స్పీడు బ్రేకర్ల మీదుగా వెళ్లినా గీత జరగక, వేళ్లు తిమ్మిరెక్కకపోతే అప్పుడు చుట్టండి.