ఊరంతటికీ నెలనెలా డబ్బు: బేసిక్ ఇన్‌కమ్ ప్రయోగం నడిపే పద్ధతి

మధ్యప్రదేశ్‌లో 2011–12లో మహిళా కార్మికుల సంఘం 'సేవా', యూనిసెఫ్ నిధులతో, ఎనిమిది ఊళ్లలో ప్రతి మనిషికీ నెలనెలా డబ్బు ఇచ్చింది. మొదట పెద్దలకు 200 రూపాయలు, పిల్లలకు 100. ఏడాది తర్వాత 300, 150. డబ్బు ఇవ్వని పన్నెండు ఊళ్లతో వాటిని పోల్చి చూశారు. ఒక గిరిజన గ్రామంలో ఇలాంటిదే విడిగా నడిపారు. మొత్తం మీద డబ్బు అందుకున్నవాళ్లు ఆరు వేలకు పైనే. పరిశోధన బాధ్యత చూసినవారిలో హైదరాబాద్‌కు చెందిన శరత్ దావల ఒకరు. 2019 ఆగస్టులో ప్రపంచ బేసిక్ ఇన్‌కమ్ మహాసభ హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో జరిగింది. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఇలాంటి ప్రయోగం నడపాలనుకునే స్వచ్ఛంద సంస్థ కోసం రాసిన పద్ధతి ఇది.

ఇచ్చేది నిజంగా బేసిక్ ఇన్‌కమ్ అవునో కాదో ముందు తేల్చుకోండి. నగదుగా ఇవ్వాలి, నెలనెలా ఇవ్వాలి, ఇంటికి కాకుండా మనిషికి ఇవ్వాలి, అందరికీ ఇవ్వాలి, ఏ షరతూ పెట్టకూడదు. ఈ ఐదింటిలో ఒక్కటి తప్పినా అది వేరే పథకం అవుతుంది. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు షరతులేని నగదే. కానీ ఎకరాకు ఒక్కో పంటకు 4,000 చొప్పున పట్టాదారుకు వెళ్లింది కాబట్టి కౌలు రైతుకూ కూలీకీ అందలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పటి అమ్మఒడిలో బడి హాజరు 75 శాతం ఉండాలన్న షరతు ఉండేది. పీఎం కిసాన్ ఏడాదికి 6,000, అదీ మూడు విడతల్లో, రైతు కుటుంబానికి. వీటిని తప్పుపట్టడానికి కాదు ఈ మాట. మీ ఊళ్లో వచ్చే మొదటి ప్రశ్న 'రైతుబంధు లాంటిదేనా?' అని. జవాబు ముందే సిద్ధంగా ఉండాలి.

లెక్క

వెయ్యి మంది ఉన్న ఊరు అనుకుందాం: పెద్దలు 700, పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు 300. పెద్దలకు 1,000, పిల్లలకు 500 ఇస్తే నెలకు 8,50,000 రూపాయలు. పద్దెనిమిది నెలలకు 1,53,00,000. పుట్టబోయే పిల్లలకు, కొత్త కోడళ్లకు, సర్వేలో ఇల్లు తప్పిపోయి తర్వాత బయటపడేవాళ్లకు ఐదు శాతం, అంటే 7,65,000 పక్కన పెట్టండి. సర్వేలు, జీతాలు, ఆడిట్ ఖర్చు దీనికి అదనం. పెద్దలకు 1,000 ఎందుకంటే, అప్పటి 300కు ఇవాళ్టి ధరల్లో దాదాపు రెండింతలు కావాలి. దాని మీద ఇంకొంచెం ఉంటేనే ఇంటి ఖర్చులో తేడా కనబడుతుంది. మరీ తక్కువైతే సరుకుల్లో కలిసిపోతుంది. చివర్లో సర్వేకు ఏమీ దొరకదు.

మొత్తం డబ్బు చేతికి రాకుండా మొదలుపెట్టకండి. 'తొమ్మిది నెలలకు ఉంది, మిగతాది చూద్దాం' అన్న ప్రయోగం మధ్యలో ఆగితే ఆ ఊళ్లో తర్వాత ఎవరు ఏ సర్వేకు వచ్చినా తలుపు తీయరు. విదేశీ నిధులైతే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా తప్పనిసరి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. అంటే రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ తన పేరుతో తానే ఊరికి ఇవ్వాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. సర్వే జీతాలు ఏ పద్దు కిందికి వస్తాయో మీ ఆడిటర్‌తో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఊళ్లు ఎంచుకోవడం

ఒక ఊళ్లో ఇచ్చి, ఒక ఊళ్లో ఇవ్వకుండా పోలిస్తే ఏమీ తేలదు. ఆ ఏడాది ఇవ్వని ఊళ్లో చెరువు తెగితే మీ ఫలితం చెరువుది అవుతుంది. డబ్బు ఒక పెద్ద ఊరికి సరిపోతే, అదే డబ్బుతో రెండు వందల మంది ఉన్న తండాలు, పేటలు ఐదు తీసుకోవడం మేలు. మధ్యప్రదేశ్‌లో ఇచ్చినవి ఎనిమిదైతే, ఇవ్వనివి పన్నెండు. ఇవ్వని ఊరికి సర్వే ఖర్చు తప్ప ఏమీ ఉండదు. అక్కడ సంఖ్య పెంచుకోవడం చవక. ఇవ్వని ఊళ్లు అదే మండలంలో, అదే సాగునీటి పరిస్థితిలో ఉండాలి. పక్కపక్కనే మాత్రం వద్దు. ఒకే సంత, ఒకే వడ్డీ వ్యాపారి, ఇచ్చిపుచ్చుకున్న చుట్టరికాలు ఉంటే డబ్బు ప్రభావం అటు కూడా పాకుతుంది.

మొదటి సర్వే డబ్బు సంగతి ప్రకటించక ముందే పూర్తి కావాలి. ఈ వరస తప్పితే ప్రతి ఇల్లూ ఆదాయం తగ్గించి చెబుతుంది, అది సహజం. 'నెలకు మీ ఆదాయం ఎంత?' అని అడగకండి. గడిచిన ఏడు రోజుల్లో ఏం వండారు, గుడ్లు ఎన్ని, పాలు ఎంత. గడిచిన ముప్పై రోజుల్లో దవాఖానాకు, బడికి ఎంత పోయింది. అప్పు ఎవరి దగ్గర, నూటికి ఎన్ని రూపాయల వడ్డీ. ఆడవాళ్లు పనికి వెళ్లిన రోజులు ఎన్ని. ఇలా అడిగితే లెక్క వస్తుంది. మద్యం ఖర్చు కూడా అడగాలి. 'డబ్బిస్తే తాగేస్తారు' అన్నది ప్రతి సభలోనూ వచ్చే మాట. మధ్యప్రదేశ్ ఫలితాల్లో తాగుడు పెరగలేదని తేలింది. తిండి మెరుగుపడింది, మేకలు, పశువులు పెరిగాయి. అయినా మీ ఊరి జవాబు మీ లెక్కల్లోంచే రావాలి.

పద్దెనిమిది నెలల ప్రయోగంలో ఒక మెలిక ఉంది. జూన్‌లో మొదటి సర్వే చేస్తే చివరిది డిసెంబర్‌లో పడుతుంది. జూన్‌లో విత్తనాలకు అప్పు, డిసెంబర్‌లో వడ్ల డబ్బు. ఇవ్వని ఊళ్లు ఉన్నాయి కాబట్టి పోలిక పూర్తిగా చెడిపోదు. అయినా పన్నెండో నెలలో ఒక సర్వే పెట్టుకుంటే జూన్‌ను జూన్‌తో పోల్చవచ్చు.

జాబితా

ప్రయోగం బతికేదీ చచ్చేదీ ఇక్కడే. రేషన్ కార్డుల నుంచి జాబితా తీయకండి. వేరుపడిన కొడుకులు, పెళ్లై వెళ్లిన ఆడపిల్లలు, చనిపోయిన పెద్దవాళ్లు అందులో అలాగే ఉంటారు. ఇల్లిల్లూ తిరిగి రాయండి. ఊరికి ఎడంగా ఉన్న ఎస్సీ కాలనీ, తండా, ఇటుక బట్టీ గుడిసెలు, గొర్రెలతో తిరిగే కుటుంబాలు మొదటి రోజే చూడండి. చివరికి వదిలేస్తే అవే తప్పిపోతాయి.

కటాఫ్ తేదీ ఒకటి పెట్టి, దానికి ముందు ఆరు నెలలుగా ఊళ్లో కాపురం ఉన్నవాళ్లంతా అర్హులని రాయండి. చిక్కు కేసులకు నియమం ముందే ఉండాలి. సీజన్‌కు వలస పోయినవాళ్లకు ఉంది. హాస్టల్లో చదివే పిల్లలకు ఉంది. కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురికి లేదు, ఆమెది అత్తవారి ఊరు. కటాఫ్ తర్వాత పెళ్లై వచ్చిన కోడలికి, పుట్టిన బిడ్డకు ఉంది. పెళ్లై వెళ్లిపోయిన అమ్మాయికి చివరి నెల దాకా కొనసాగించండి. ఆమె కోసం ఇచ్చింది, పుట్టింటి కోసం కాదు. డబ్బు సంగతి విని వచ్చి చేరే చుట్టాలకు లేదు.

'ఇరవై ఎకరాల ఆసామికి కూడానా?' అని తప్పకుండా అడుగుతారు. అవును, ఆయనకు కూడా. ఒక్కరిని తీసేయడానికి గీత గీస్తే, మర్నాటి నుంచి ఆ గీత ఎక్కడుండాలన్నదే ఊరి రాజకీయం. ఎవరు పేదో తేల్చే కమిటీ, దాని చుట్టూ సిఫార్సులు, సంతకాలు. వద్దనుకున్నవాళ్లు రాసిచ్చి మానుకోవచ్చు. వాళ్ల వాటాను ఇంకెవరికీ పంచకండి. పంచితే మానుకోమని ఒత్తిడి మొదలవుతుంది.

జాబితా పంచాయతీ గోడకు అతికించి, పదిహేను రోజులు అభ్యంతరాలు తీసుకోండి. వార్డు మెంబర్ కాకుండా మీ మనిషే ఒక్కొక్కటీ రాసుకోవాలి.

ఖాతాలు

ప్రతి పెద్దవారికీ సొంత ఖాతా ఉండాలి. పిల్లల డబ్బు తల్లి ఖాతాకు, తల్లి లేకపోతే పెంచుతున్నవారికి. భార్య వాటా భర్త ఖాతాలో వేస్తే, మనిషికి ఇస్తున్నామన్న మాట అక్కడితో పోయినట్టే.

పాస్‌బుక్ చూసి నంబరు ఎక్కించుకోవడం పెద్ద పొరపాటు. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒకటయ్యాయి. తెలంగాణలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకుకు వెళ్లాయి. ట్రంకు పెట్టెలో ఉన్న పాత పుస్తకం మీద పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడే ఉంటుంది. కాబట్టి అసలు చెల్లింపుకు నెల ముందే ప్రతి ఖాతాకు ఒక్క రూపాయి వేసి చూడండి. వెయ్యి మందిలో కొన్ని పదులు తిరిగి వస్తాయని అనుకునే సిద్ధపడండి. ఆధార్‌లో, బ్యాంకులో పేర్లు వేరుగా ఉండడం ఒక కారణం: ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొడి అక్షరం, మరోచోట లేనే లేదు.

రూపాయి చేరినా పని అయినట్టు కాదు. రెండేళ్లు వాడని ఖాతా స్తంభించిపోతుంది. డబ్బు పడినా కేవైసీ చేయించేదాకా తీయడం కుదరదు. రూపాయి వేసిన వారంలో ఖాతా పనిచేస్తోందో లేదో చూసుకు రమ్మని చెప్పండి. బ్యాంక్ మిత్ర (ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే ఏజెంటు) దగ్గర వేలిముద్ర పడుతుందా లేదా అన్నదీ అప్పుడే తెలుస్తుంది. పొలం పనుల్లో, బట్టలుతకడంలో వేళ్లు అరిగిన ముసలివాళ్లకు చాలాసార్లు పడదు. వాళ్లను బ్రాంచికి తీసుకెళ్లడానికి నెలకో రోజు ఆటో పెట్టండి. బ్యాంక్ మిత్ర వెయ్యికి ఇరవయ్యో యాభయ్యో పట్టుకుంటున్నాడేమో ప్రతి నెలా ఇరవై ఇళ్లలో అడగండి. రసీదు తీసుకోవడం మొదటి నెల నుంచే అలవాటు చేయించండి.

అన్నిటికన్నా ముదురు చిక్కు పాత బాకీ. పంట రుణమో, డ్వాక్రా రుణమో మొండిబకాయి పడి ఉంటే, ఆ బ్యాంకు మీరు వేసిన వెయ్యిని జమ చేసేసుకోవచ్చు, లేదా ఖాతాను హోల్డ్‌లో పెట్టవచ్చు. మేనేజర్‌ను బతిమాలడం కన్నా, అప్పు లేని వేరే బ్యాంకులో జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిపించడం నయం. సర్వేలో 'అప్పు ఏ బ్యాంకులో?' అనే ప్రశ్న ఇందుకు కూడా పనికొస్తుంది.

తారీఖు ఒకటే పెట్టండి. ఒకటో తారీఖు వద్దు, పింఛన్ల హడావుడిలో నగదు కొరత రావచ్చు. ఏడు లేదా ఎనిమిది బాగుంటుంది. ఒక్క నెల ఆలస్యమైనా, 'వస్తుంది' అన్న నమ్మకంతో ఇల్లు వేసుకున్న లెక్క తప్పుతుంది. అలా తప్పితే మీరు కొలుస్తున్నది బేసిక్ ఇన్‌కమ్‌ను కాదు, ఎప్పుడో పడే సాయాన్ని.

ఊరికి చెప్పడం, అధికారులకు చెప్పడం

గ్రామసభలో చెప్పాల్సినవి తక్కువే: ఇది అప్పు కాదు, ప్రభుత్వ పథకం కాదు, మతం మార్చేది కాదు, భూమి కాగితాల మీద సంతకం ఉండదు, ఫలానా నెలలో ఆగిపోతుంది. ఎలా ఖర్చు పెట్టాలో మాత్రం చెప్పకండి. 'పిల్లల చదువుకు వాడండి' అన్న మంచి మాట కూడా షరతులాగే వినబడుతుంది, సర్వేలో అందరూ అదే అప్పజెబుతారు.

కలెక్టర్‌కు, ఎంపీడీవోకు లేఖ ఇచ్చి రెండు విషయాలు రాయించుకోండి. ఒకటి, ఈ డబ్బును రేషన్ కార్డు, పింఛన్ ఆదాయ పరిమితిలో కలపరని. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాలకు నెలకు 10,000 పరిమితి వాడుతూ వచ్చారు. ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలున్న ఇంటికి మీ డబ్బే 3,500 అవుతుంది. వెయ్యి ఇచ్చి నాలుగు వేల పింఛన్ పోగొట్టడం కన్నా అన్యాయం ఉండదు. రెండోది ఎన్నికలు. స్థానిక ఎన్నికల కోడ్ ఉన్న నెలలో మొదటి చెల్లింపు పడితే, ఎవరేం చెప్పినా అది ఓటు డబ్బే. ప్రయోగం నడుస్తుండగా ఎన్నికలు వస్తే, పాత చెల్లింపుల పట్టీతో సహా ఎన్నికల అధికారికి ముందుగా తెలియజేయండి.

మధ్యలో ప్రభుత్వం కొత్త పథకం తేవచ్చు. ఫిన్లాండ్ 2017–18లో రెండు వేల మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఇచ్చి చూసింది. రెండో ఏడాది నిరుద్యోగ భృతికి కొత్త షరతులు రావడంతో ఏ మార్పు దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టమైంది. మీ డైరీలో ప్రతి పథకం, ప్రతి విడత ఏ ఊళ్లో ఏ తేదీన పడిందో రాసి ఉంచండి.

ఆపేటప్పుడు

ఊళ్లో చీటీలు ఇరవై నెలలవి ఉంటాయి. ఎనిమిదో నెలలో ఈ డబ్బును నమ్ముకొని చీటీలో చేరినవాళ్లకు పద్దెనిమిదో నెల తర్వాత ఇంకా తొమ్మిది పది వాయిదాలు మిగులుతాయి. బండి వాయిదాలదీ అదే కథ. అందుకే ప్రతి నెలా పంపే మెసేజ్‌లో '18లో 7వ నెల' అని రాయండి. చదువు రానివాళ్లకు కార్డు మీద పద్దెనిమిది గడులు గీసి, నెలకొకటి కొట్టేయండి. పన్నెండో నెలలో, పదిహేనో నెలలో మళ్లీ సభ పెట్టండి. చివరి నెలల్లో మొత్తం తగ్గించుకుంటూ పోవద్దు. తగ్గిన మొత్తంతో వచ్చిన ఫలితం దేనిదో చెప్పలేరు.

ఫలితాలు వచ్చాక ముందు ఆ ఊళ్లకే, తెలుగులో, ఇవ్వని ఊళ్లకు కూడా వినిపించండి. తర్వాత జిల్లా, రాజధాని. ప్రభుత్వాన్ని 'దేశమంతా ఇవ్వండి' అని అడిగితే సంభాషణ అక్కడే ముగుస్తుంది. 2016–17 కేంద్ర ఆర్థిక సర్వేనే మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు, జనాభాలో 75 శాతానికి ఇస్తే జీడీపీలో 4.9 శాతం అవుతుందని లెక్కకట్టింది. స్విట్జర్లాండ్‌లో 2016 జూన్ ప్రజాభిప్రాయ సేకరణలో 23 శాతమే అవునన్నారు. ఉన్న పథకంలో ఒక్క గోడ తీయమని అడగండి: సాయం పట్టాదారుకే కాకుండా కౌలుదారుకూ, కూలీకీ అందేలా, ఇంటి యజమానికి కాకుండా మనిషి ఖాతాకు చేరేలా. ఆ వినతికి జతపరచాల్సిన కాగితం మీ జాబితాలోంచే వస్తుంది: పట్టా ఆధారంగా ఇస్తే మీ ఊళ్లో ఎంతమంది బయట ఉండేవారో పేర్లు లేకుండా, అంకెలతో.