ధనుర్మాసం పొద్దుల్లో కుక్కతో ముక్కు ఆటలు – 4వ పాఠం: ముందు ఆ వేలు దించండి

ఈ వారం గాలివాటాన వెతికించే ఆట మొదలుపెట్టాలి. కానీ 3వ పాఠంలోని గడ్డి ఆట దగ్గర, అంటే పరిచిన ఎండుగడ్డిలో తిండి ముక్కలు దాచి కుక్కచేత వెతికించే చోట, చాలామంది ఆగిపోయారు. కుక్క గడ్డిలో ముక్కు పెట్టదు, మీ మొహంకేసి చూస్తూ కూచుంటుంది. కొందరి కుక్కలు గడ్డే మింగేశాయట, దాని సంగతి తర్వాత చెబుతాను. ఈ చూపు సంగతి తేలకపోతే ఇసుకలో ఆడే గాలి ఆటలోనూ ఇదే తంతు.

వాసన తెలియక కాదు. దాచిన చోటు మీకు తెలుసని దానికి తెలిసిపోయింది. మనిషి వేలు చూపిన దిక్కుకి పోవడంలో కుక్కలు దిట్టలు. ఒకసారి వేలు చూపగానే ముక్క దొరికిందంటే మళ్లీసారి వేలు కోసమే చూస్తుంది, ముక్కుకి పని చెప్పదు. వేలంటే వేలొక్కటే కాదండీ. దాచినవైపు పోయే మీ చూపు, అటు వాలిన ఒళ్లు, అటు తిరిగిన పాదం, దగ్గరకెళ్లగానే "ఆఁ, అక్కడే, అక్కడే" అనే గొంతు, బిగిసిన తాడు, అన్నీ వేళ్లే. "వెతుకు" అని ఐదుసార్లు అనడం కూడా అంతే. ఒక్కసారి అని నోరు మూసుకోవాలి.

చేతులు వెనక్కి కట్టుకోండి. పిట్టగోడకేసి చూడండి. కుక్క మీకేసి చూస్తే మనసులో 30 లెక్కపెట్టండి. చాలా కుక్కలు ఈలోపే తల దించుతాయి. దించకపోతే గడ్డి చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరగండి, దాచిన చోట ఆగకండి. అప్పటికీ కదలకపోతే ఆట కష్టమైందన్నమాట: కుక్క చూస్తుండగానే 5 ముక్కలు గడ్డి పైన వేసి సగం కప్పండి. అంతేగానీ వేలు మాత్రం వద్దు.

ఇక కుక్క గడ్డి మింగేసిందన్నారే, అక్కడ తప్పు ముక్కలది. పులుసు అంటిన ముక్క వేస్తే గడ్డి కూడా రుచిగానే ఉంటుంది. ఎముక తీసిన కోడిమాంసం ఉప్పు, మసాలా లేకుండా ఉడికించి, తడి ఆరాక శనగగింజంత చీల్చండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరముక్క కడిగినా పనికిరాదు, అవి కుక్కకి విషం. ఉప్పుచేపా వద్దు. నన్నడిగితే ఈ కాలంలో ఉడికించిన చిలగడదుంపే మేలు. పూటకి 20 ముక్కలు చాలు, ఆ మేరకు తిండి తగ్గించండి.

కోసిన మడిలో ఆడించకండి. ముక్కు దించి పోయే కుక్కకి వరి కొయ్యలు కంట్లో గుచ్చుకుంటాయి. పైగా మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కోతకి ముందే చల్లిన మినుము, పెసర అప్పటికే మొలిచి ఉంటాయి, రైతు పంట తొక్కించినట్టవుతుంది. ఎలుకమందు పెట్టిన గట్ల జోలికి అసలు పోకండి. పాత గడ్డిమేట అడుగున రక్తపింజర ఉండొచ్చు. ఒక మోపు తెచ్చి, కర్రతో దులిపి, చాపంత మేర మీరే పరచండి.

ఇక గాలి ఆట. నాగావళి ఇసుకలాంటి ఖాళీ జాగా కావాలి. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపు మంచిది. చల్లటి తడిగాలిలో వాసన నేలనంటి ఉంటుంది, ఎండెక్కితే గాలితోపాటు పైకి లేచి చెదిరిపోతుంది. అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూడండి. కళింగపట్నం లాంటి తీరం ఊళ్లలో ఎండెక్కాక గాలి సముద్రం నుంచి మళ్లుతుంది, కాబట్టి ప్రతిసారీ చూడాల్సిందే.

సగం కొబ్బరిచిప్పని బోర్లించి, అంచు కింద చిన్న రాయి పెట్టి, సందు ఉంచి లోపల 3 ముక్కలు దాచండి. నేరుగా వెళ్లి నేరుగా రాకండి. కుక్క మీ అడుగుల వాసన పట్టుకుని పోతే అది గాలి ఆట కాదు. జాగా అంతా అడ్డదిడ్డంగా తిరిగి, నాలుగైదు చోట్ల వంగి ఇసుక తాకండి. తర్వాత పొగ పోయిన దిక్కున, చిప్పకి 10 అడుగుల దూరంలో కుక్కని నిలబెట్టి వదలండి. 5 మీటర్ల నూలుతాడు మెడకి కాకుండా ఛాతీ పట్టీకి కట్టాలి.

చూడవలసిందల్లా ఒక్క క్షణం: అడ్డంగా పోతున్న కుక్క తల చటుక్కున గాలివైపు తిరుగుతుంది. తోక జోరందుకుంటుంది, ఊపిరి చిన్నచిన్న బుసలవుతుంది. వాసన తప్పితే వెనక్కొచ్చి మళ్లీ పట్టుకుంటుంది, మీరు కదలకండి. దొరికాక తిననిచ్చి, అక్కడే మీ చేతి నుంచి ఇంకోటి పెట్టి, చిప్ప తీసేయండి. కొరికితే పెంకులు గొంతులో దిగుతాయి.

సాధన 7 పొద్దులు, రోజుకి 3 సార్లు. ఈ సాధనలో దాచేది ఇంట్లో వేరేవాళ్లు; కుక్కని ఎక్కడ నిలబెట్టాలో చెప్పాలిగానీ, ముక్కలు ఎక్కడున్నాయో మీకు చెప్పకూడదు. గాలి దిక్కు, ఎన్ని అడుగుల దూరాన తల తిరిగింది, ఎన్ని క్షణాల్లో దొరికింది, మూడూ పుస్తకంలో రాయండి. నాలుగోరోజు నుంచి రెండు ఖాళీ చిప్పలు కలపండి. ఏడోరోజు దూరం 20 అడుగులు. మధ్యలో భోగి పడితే ఆ పొద్దు ఆపేయండి, మంటల పొగలో వాసన నిలవదు. ఆట అయ్యాక కాలివేళ్ల మధ్య పల్లేరుకాయలు, చెవుల్లో పిడుదులు వెతికి తీయండి.