కణాలు చస్తున్నాయి, కాస్పేజ్-3 బ్యాండ్ మాత్రం రావట్లేదా?

కణంలో ప్రోటీన్లు మడతపడే చోట (ఈఆర్‌లో) ఒత్తిడి పుట్టించే మందు ట్యూనికామైసిన్ ఇచ్చారు. మర్నాటికి కణాలు గుండ్రంగా మారి ప్లేటు వదిలేస్తున్నాయి. వెస్టర్న్ బ్లాట్‌లో (యాంటీబాడీతో ప్రోటీన్లను గుర్తించే పద్ధతి) మాత్రం 35 కేడీఏ (కిలోడాల్టన్లు, ప్రోటీన్ బరువు కొలత) దగ్గర ప్రోకాస్పేజ్-3, అంటే కణాన్ని చంపే ఎంజైమ్ కాస్పేజ్-3కి ఇంకా తెగని రూపం, ఒక్కటే ఉంది, తెగిన 17, 19 కేడీఏ ముక్కలు లేవు. యాంటీబాడీ మీద నింద వేసే ముందు ఇవి చూడండి.

మీడియం పారబోశారా? మొదట అనుమానించాల్సింది ఇదే. అపోప్టోసిస్‌లో (కణం తనను తానే పద్ధతిగా చంపుకోవడం) పడ్డ కణం పట్టు వదిలి తేలిపోతుంది. మీడియం పీల్చి పారేస్తే చనిపోతున్న కణాలన్నీ దాంతోనే పోయి, లైసేట్‌లో (కణాలను పగలగొట్టిన ద్రవంలో) బతికినవే మిగులుతాయి. మీడియాన్నీ, పీబీఎస్‌తో కడిగిన నీళ్లనూ 15 ఎంఎల్ ట్యూబులో పట్టండి. 4 డిగ్రీల దగ్గర, 300 జీలో 5 నిమిషాలు తిప్పండి. ఆ పెల్లెట్‌ను, ప్లేటు నుంచి గీకిన కణాలను కలిపే లైసిస్ చేయండి.

అసలు 35 బ్యాండే లేదా? కణాలు ఎంసీఎఫ్-7 (రొమ్ము క్యాన్సర్ కణాలు) అయితే వెతకడం దండగ. వాటి కాస్పేజ్-3 జన్యువులో 47 బేస్ జతలు ఎగిరిపోయాయి, ప్రోటీనే తయారవదు. అక్కడ కాస్పేజ్-7 తెగిందా, కాస్పేజ్‌లు కోసే ప్రోటీన్ పార్ప్ 116 నుంచి 89 కేడీఏకి దిగిందా చూడాలి.

తొందరపడ్డారేమో కూడా. ఒత్తిడి తగలగానే కణం చావదు, ముందు బతకడానికే చూస్తుంది: ఈఆర్ ఒత్తిడిని పసిగట్టే పెర్క్ అనే ఎంజైమ్ ప్రోటీన్ల తయారీని తగ్గిస్తుంది. ఒత్తిడి వదలకపోతేనే ఏటీఎఫ్4 ద్వారా చాప్ అనే ప్రోటీన్ పెరిగి, చావును ఆపే బీసీఎల్-2ను తగ్గించి, చావు వైపు నెట్టే బిమ్‌ను పెంచుతుంది. ఆపై బ్యాక్స్, బ్యాక్ ప్రోటీన్లు మైటోకాండ్రియా బయటి పొరకు కన్నాలు పెడతాయి. సైటోక్రోమ్ సి బయటికొచ్చి కాస్పేజ్-9ను లేపాకే కాస్పేజ్-3 వంతు వస్తుంది. అందుకే 6 గంటలకు చాప్ ఉండి కాస్పేజ్ తెగకపోతే ప్రయోగం చెడినట్టు కాదు. మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములు ఇచ్చి 6, 12, 24, 36 గంటలకు తీయండి. ఏ గంటలోనూ చాప్ లేకపోతే మందు స్టాక్ మార్చండి.

చిన్న ముక్కలు జెల్ నుంచి ప్రోటీన్లను పట్టే 0.45 మైక్రాన్ పొరను దాటిపోవచ్చు. 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ పీవీడీఎఫ్ పొర వాడండి. పక్క లేన్‌లో అపోప్టోసిస్ తెప్పించే స్టారోస్పోరిన్ 1 మైక్రోమోలార్ 4 గంటలు ఇచ్చిన హీలా కణాలు ఉండాలి. అందులోనూ బ్యాండ్ రాకపోతే తప్పు బ్లాట్‌దే.

అందులో వచ్చి మీ శాంపిల్‌లో రాకపోతే, మందుకు గంట ముందు కాస్పేజ్‌లను అడ్డుకునే జడ్-వాడ్ 20 మైక్రోమోలార్ ఇవ్వండి. అయినా చావు తగ్గకపోతే అది కాస్పేజ్‌ల పని కాకపోవచ్చు. నెక్రోప్టోసిస్ (కాస్పేజ్‌లు లేకుండా జరిగే మరో రకం కణ మరణం) కావచ్చు; దాని గుర్తు ఫాస్ఫో-ఎంఎల్‌కేఎల్ బ్లాట్ చేయండి, దాన్ని అడ్డుకునే నెక్రోస్టాటిన్-1తో చావు తగ్గుతుందేమో చూడండి. ఒక్క జాగ్రత్త: నెక్రోప్టోసిస్‌ను నడిపే ఎంజైమ్ ఆర్ఐపీకే3 ఉన్న కణాల్లో జడ్-వాడే దానికి దారి తెరవగలదు. జడ్-వాడ్ ఒక్కటే ఇచ్చిన ప్లేటు కూడా పెట్టుకోండి.