అమ్మ ఫోన్‌కి తెలుగులో వాతావరణం: నా అనుభవం

అమ్మ తెలుగు తప్ప చదవదు. రోజూ పొద్దున్నే ఆమె టెలిగ్రామ్‌కి వాతావరణ సమాచారం వెళ్లాలని అనుకున్నాను. నాకు కోడింగ్ రాదు, అందుకే మేక్ అనే సర్వీసులో డబ్బాలు ఒకదానికొకటి కలిపాను: వాతావరణం తెచ్చేది, అనువదించేది, పంపేది.

మెసేజ్ వెళ్లింది కానీ అర్థం మారిపోయింది. 'లైట్ షవర్స్' కాస్తా 'కాంతి జల్లులు' అయింది. 'ఫెయిర్' (వాతావరణం బాగుంది) అన్నచోట 'న్యాయమైనది' అని వచ్చింది. అమ్మ ఫోన్ చేసి, "ఇంతకీ గొడుగు తీసుకెళ్లాలా వద్దా?" అని అడిగింది.

రెండు మూడు అనువాద సర్వీసులు మార్చి చూసినా లాభం లేకపోయింది. వెనకాముందూ వాక్యం లేని రెండు ముక్కలకి ఏ యంత్రమైనా సరైన అర్థం ఎలా పట్టుకుంటుంది? అందుకే అనువాదమే తీసేశాను.

ఓపెన్-మీటియో అనే వాతావరణ సర్వీసు వాతావరణాన్ని అంకెల్లో ఇస్తుంది: 0 అంటే నిర్మలమైన ఆకాశం, 61 చిరువాన, 65 భారీ వర్షం, 95 ఉరుములతో వాన. సొంత వాడకానికి కీ (సర్వీసు వాడుకోవడానికి ఇచ్చే కోడ్) కూడా అక్కర్లేదు. గూగుల్ షీట్‌లో ఒక నిలువు వరుసలో అంకె, పక్క నిలువు వరుసలో అమ్మ మాట్లాడే తెలుగు రాసుకున్నాను. 61 పక్కన "చినుకులు పడతాయి, గొడుగు పెట్టుకో" అని ఉంటుంది. మేక్ ఆ అంకెని షీట్‌లో వెతికి, పక్కనున్న మాటని పంపుతుంది.

ఒక్కటి మర్చిపోకండి. ఓపెన్-మీటియోని అడిగేటప్పుడు టైమ్‌జోన్ రాయకపోతే గ్రీనిచ్ సమయం ప్రకారం లెక్క వస్తుంది, రోజు తేడా పడుతుంది. అక్కడ 'ఆటో' అని పెట్టాక సరిపోయింది.

ఇప్పుడు మెసేజ్ రాగానే అమ్మ పక్కింటివాళ్లకీ చదివి వినిపిస్తోంది.