సైటేషన్ల లెక్క తేడా వస్తోందా? ముందు ఇవి చూడండి

సమస్య: ఒకే పేపర్‌కు గూగుల్ స్కాలర్‌లో 41 సైటేషన్లు (అంటే వేరే రచనలు దాన్ని ఉదహరించిన లెక్క), స్కోపస్‌లో 17, వెబ్ ఆఫ్ సైన్స్‌లో 9. ప్రమోషన్ ఫైలులో ఏది రాయాలి?

ఈ మూడు డేటాబేస్‌లూ లెక్కపెట్టేది ఒకే కుప్పని కాదు. కొన్ని ముఖ్యమైన జర్నళ్లను పట్టుకుంటే చాలన్న యూజీన్ గార్ఫీల్డ్ 1964లో తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్సే వెబ్ ఆఫ్ సైన్స్‌కు మూలం. 2004లో వచ్చిన స్కోపస్ కాస్త విశాలం, అయినా ఏరుకునేదే. అదే ఏడాది వచ్చిన స్కాలర్ మాత్రం థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో అచ్చు కాకముందే ఆన్‌లైన్లో పెట్టిన పేపర్లు) అన్నీ ఊడ్చుకొస్తుంది; ఒక్కోసారి ఒకే పేపర్‌ని రెండుసార్లు. అంకె పక్కన డేటాబేస్ పేరు, చూసిన తేదీ రాయండి. ఇద్దరిని పోల్చాల్సి వస్తే ఒకే డేటాబేస్‌లో పోల్చండి.

సమస్య: స్కోపస్‌లో నా పేపర్లు సగమే ఉన్నాయి.

జర్నల్ లేదేమోనని తిట్టుకునే ముందు పేరు చూడండి. మన దగ్గర ఇదే పెద్ద చిక్కు. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. కొత్తపల్లి వెంకటరావు ఒక జర్నల్‌లో ‘రావు, కె. వి.’, ఇంకోదాంట్లో ‘వెంకటరావు, కె.’, మూడోదాంట్లో ‘కొత్తపల్లి, వి.’ అవుతాడు. మనిషి ఒక్కడే, ప్రొఫైళ్లు మూడు, హెచ్-ఇండెక్స్ (పేపర్లు, వాటి సైటేషన్లు కలిపి చూసే కొలమానం) ముక్కలు. పైగా ‘రావు, కె. వి.’ కింద వేరే రావుగారి పేపర్లూ చేరిపోతాయి, అప్పుడు అంకె పెరుగుతుంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు! మూడు రూపాలతోనూ వెతికి, ప్రొఫైళ్లను కలపమని స్కోపస్‌కే రిక్వెస్ట్ పెట్టండి. మీవి కానివి తీసేయమనండి. ఆర్సిడ్ ఐడీ (పరిశోధకుడికి ఒక్కరికే చెందే గుర్తింపు సంఖ్య) తీసుకుని, ఇకపై ఒకే రూపంలో పేరు రాయండి.

సమస్య: తెలుగులో రాసిన వ్యాసం, పుస్తకం ఎక్కడా కనబడవు.

ఇది మీ తప్పు కాదు. స్కోపస్‌లో చేరాలంటే జర్నల్‌కు ఇంగ్లీషు శీర్షిక, సారాంశం, రోమన్ లిపిలో రిఫరెన్సులు ఉండాలి. తెలుగు సాహిత్య పరిశోధన ఆ గడప దగ్గరే ఆగిపోతుంది. అంకె సున్నా అంటే ఎవరూ చదవలేదని కాదు.

వెబ్ ఆఫ్ సైన్స్‌లో ‘సైటెడ్ రిఫరెన్స్ సెర్చ్’ వాడితే, అందులో లేని పుస్తకాన్ని కూడా ఎవరు ఉదహరించారో దొరకొచ్చు. రోమన్ అక్షరాల్లో నాలుగైదు స్పెల్లింగులతో ప్రయత్నించండి. 2022లో మొదలైన ఓపెన్‌అలెక్స్ డేటాబేస్ ఉచితం, అక్కడా చూడండి. మీ పత్రిక వ్యాసాలకు డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత డిజిటల్ గుర్తింపు) ఉంటే సగం పని అయినట్టే. మిగతా సగం ఎడిటర్‌ది: వ్యాసంతోపాటు రిఫరెన్సుల జాబితానూ డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థకు పంపిస్తున్నారో లేదో ఆయన్నే అడగండి.