పాత కెమిస్ట్రీ పేపర్లు ఎన్ని చేసినా మార్కులు కదలకపోతే

పాత ప్రశ్నపత్రాలతో రివిజన్ చేసేవాళ్ళకు తరచూ ఎదురయ్యే ఇబ్బందులు ఇవి. మీకు ఏది వర్తిస్తే నేరుగా అక్కడికి వెళ్ళిపోవచ్చు. మొదటిది మాత్రం అందరూ చదవండి, మిగతావన్నీ దాని మీదే నడుస్తాయి.

సమస్య: పది పేపర్లు పూర్తయ్యాయి, మార్కులు అక్కడే ఉన్నాయి

కారణం: అన్ని తప్పులకూ ఒకటే మందు వాడుతున్నారు, ఇంకో పేపరు. ఇలా గానుగెద్దులా తిరిగితే ఎన్నాళ్ళైనా అక్కడే ఉంటారు. పోయిన మార్కులు మూడు రకాలు: విషయం తెలియక పోయినవి, తెలిసినా ప్రశ్న సరిగ్గా చూడక పోయినవి, తెలిసి కూడా కాగితం మీద రాయక పోయినవి.

పరిష్కారం: దిద్దుకున్నాక పోయిన ప్రతి మార్కు పక్కన 'తె', 'చూ', 'రా' అని ఒక్క అక్షరం వేయండి. మూడు పేపర్ల తర్వాత లెక్కపెట్టండి. 'తె' ఎక్కువుంటే పేపర్లు ఆపి ఆ పాఠం చదవాలి. 'చూ' ఎక్కువుంటే పాఠం వందసార్లు చదివినా ఒరిగేదేమీ లేదు. నాకు ఎదురైన పిల్లల్లో చాలామంది తమ రోగం 'తె' అనే అనుకున్నారు. పేపరు తిప్పి చూస్తే 'చూ', 'రా' బారులు తీరి ఉండేవి.

సమస్య: కీ చూస్తే అన్నీ తెలిసినట్టే ఉంటాయి, పరీక్షలో పెన్ను కదలదు

కారణం: గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు. క్రోమియం బాహ్య ఎలక్ట్రాన్ విన్యాసం 3డి5 4ఎస్1 అని కీలో కనబడగానే 'అవును, ఇదే' అనిపిస్తుంది. ఖాళీ కాగితం మీద చేయి 3డి4 4ఎస్2 వైపే పోతుంది.

పరిష్కారం: పేపరు మొత్తం అయ్యేదాకా కీ తెరవకండి. తప్పైన జవాబును కీ చూసి దిద్దుకుని వదిలేయకుండా, కీ మూసి మళ్ళీ మొదటి నుంచి రాయండి. వారం తర్వాత ఆ ప్రశ్నలొక్కటే ఇంకోసారి. విసుగ్గానే ఉంటుంది, కానీ ఈ పని మానేసి కొత్త పేపరు మొదలుపెట్టడంలో అర్థం లేదు.

సమస్య: లెక్క చేసే పద్ధతి తెలుసు, జవాబు మాత్రం తేడా వస్తుంది

దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

4.8 గ్రాముల మెగ్నీషియాన్ని 1.6 గ్రాముల ఆక్సిజన్‌లో మండిస్తే ఎంత మెగ్నీషియం ఆక్సైడ్ వస్తుంది? చాలామంది మెగ్నీషియం పట్టుకుని పరుగెత్తుతారు: 4.8ని 24తో భాగిస్తే 0.2 మోల్, దాన్ని 40తో గుణిస్తే 8 గ్రాములు. గుణకారం, భాగహారం అన్నీ ఒప్పే. కానీ లోపల వేసింది మొత్తం కలిపి 6.4 గ్రాములు, బయటికి 8 గ్రాములు ఎలా వస్తుంది?

కారణం: రెండు పదార్థాల బరువులూ ఇచ్చినప్పుడు ముందు ఏది అయిపోతుందో చూడలేదు. ఆక్సిజన్ 1.6ని 32తో భాగిస్తే 0.05 మోల్. ఒక మోల్ ఆక్సిజన్‌కు రెండు మోల్‌ల మెగ్నీషియం కావాలి, అంటే ఖర్చయ్యేది 0.1 మోల్ మాత్రమే. వచ్చే ఆక్సైడ్ 4 గ్రాములు, మిగిలే మెగ్నీషియం 2.4 గ్రాములు. కూడితే సరిగ్గా 6.4.

టైట్రేషన్ లెక్కల్లోనూ ఇదే కథ. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 25 మి.లీ.ని తటస్థీకరించడానికి 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఎంత కావాలంటే 25 మి.లీ. అని రాసేస్తారు. ఒక మోల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం రెండు మోల్‌ల క్షారాన్ని తటస్థీకరిస్తుంది కాబట్టి 12.5 మి.లీ. చాలు.

పరిష్కారం: తుల్య సమీకరణం రాయకుండా కాలిక్యులేటర్ ముట్టుకోవద్దు. ప్రతి అంకె పక్కన గ్రాములో, మోల్‌లో, మి.లీ.నో రాయండి. జవాబు వచ్చాక వేసిన బరువూ వచ్చిన బరువూ సరిపోతున్నాయో చూడండి, అర నిమిషం పని.

సమస్య: 'ఎందుకు' అన్న ప్రశ్నకు అరపేజీ రాసినా సగం మార్కులే

కారణం: కారణం రాయమంటే ప్రశ్ననే తిప్పి రాస్తున్నారు. సోడియం నుంచి క్లోరిన్‌కు పరమాణు పరిమాణం ఎందుకు తగ్గుతుందంటే 'పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి తగ్గుతుంది కాబట్టి' అంటారు. అది తెలిసే కదా అడిగింది! ప్రోటాన్లు 11 నుంచి 17కు పెరుగుతాయి, కొత్తగా చేరే ఎలక్ట్రాన్లు అదే మూడో కర్పరంలోకి వెళ్తాయి, లోపలి ఎలక్ట్రాన్ల అడ్డు దాదాపు మారదు, అందుకని కేంద్రకం బయటి ఎలక్ట్రాన్లను ఇంకా గట్టిగా లాగుతుంది. ఈ గొలుసులో ఒక్క కొక్కెం తప్పినా ఒక మార్కు పోతుంది.

పరిష్కారం: మూడు మార్కులుంటే కనీసం మూడు వేర్వేరు విషయాలు. మాట కూడా కచ్చితంగా పడాలి. కరిగిన ఉప్పులో విద్యుత్తును మోసేవి అయాన్లు, అక్కడ ఎలక్ట్రాన్లు అని రాస్తే మిగతా వాక్యం ఎంత బాగున్నా మార్కు రాదు.

సమస్య: 'ఏమి గమనిస్తావు' అన్నచోట మార్కు రాదు

కారణం: కంటికి కనబడేదానికి బదులు సమీకరణం రాస్తున్నారు. 'కార్బన్ డయాక్సైడ్ విడుదలైంది' పరిశీలన కాదు. 'బుడగలు వచ్చాయి, సున్నపుతేట పాలలా మారింది' అన్నది పరిశీలన. కాపర్ సల్ఫేట్‌లో ఇనుప మేకు వేస్తే నీలిరంగు పలచబడుతుంది, మేకు మీద ఎర్రటి పూత పడుతుంది. చూసేవాడి కళ్ళతో రాయండి.

సమస్య: అదే ప్రశ్న అంకెలు మార్చి ఇస్తే చేతులెత్తేస్తున్నారు

కారణం: లెక్కను కాక జవాబును బట్టీ పట్టారు.

పరిష్కారం: చేసిన ప్రశ్నను మీరే మార్చండి. 0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 2. పది రెట్లు పలచన చేస్తే? 3. హైడ్రోక్లోరిక్‌కు బదులు 0.01 మోలార్ ఎసిటిక్ ఆమ్లమైతే? కొద్దిగానే అయనీకరణం చెందుతుంది కాబట్టి 2 కంటే ఎక్కువే.

సమస్య: మీ జవాబూ కీ జవాబూ కలవడం లేదు, తప్పు ఎక్కడో దొరకదు

ఒక్కోసారి తప్పు మీది కాదు. వాయువుల లెక్కల్లో కొన్ని కీలు మోల్‌కు 22.4 లీటర్లు, కొన్ని 22.7, కొన్ని 24 వాడతాయి. 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం దగ్గర 22.4. ప్రామాణిక పీడనాన్ని అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంస్థ ఐయుపిఏసీ 1982లో 1 బార్‌కు మార్చింది, దానితో లెక్క 22.7 అయింది. గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 24. పేపరు మొదట్లోనో ప్రశ్నలోనో ఏ విలువ ఇచ్చారో అదే వాడండి. ఏదీ ఇవ్వకపోతే మీ ప్రస్తుత పాఠ్యపుస్తకంలో ఉన్నది తీసుకుని, జవాబులో ఆ విలువను ఒక ముక్కలో రాసేయండి.